దిగని కోలా

"ఇంకా దిగలేదా మేడమ్?" రంపం భుజాన వేసుకుని అడిగాడు మెరిక్.

"లేదు." రొవీనా బైనాక్యులర్స్ దించలేదు. "నిన్నటి కొమ్మ వదిలి పై కొమ్మకు మారింది. వీపు ఇటు తిప్పి పడుకుంది."

గురువారం. నాలుగో రోజు.

రోడ్డు వెడల్పు చేయాలంటే ఆ నీలగిరి చెట్టు కొట్టేయాలి. చెట్టు మీద కోలా ఉంటే మాత్రం రంపం తాకించకూడదు. ఎక్కి దింపకూడదు, అరిచి బెదరగొట్టకూడదు. తనంతట తానే దిగిపోవాలి. దిగిందని సంతకం పెట్టడమే రొవీనా ఉద్యోగం. నరికే అనుమతి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాకానే. అది దాటితే చెట్టును తప్పించి రోడ్డే వంపు తిరుగుతుంది.

ఆ వంపు కోసం ప్రాణం పెట్టుకుని ఉన్నది ఈనిడ్. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. చెట్టు ఆమె గేటు ఎదురుగానే ఉంది. నలభై ఏళ్ళుగా సాయంత్రం టీ ఆ నీడలోనే. సోమవారం నుంచీ మడతకుర్చీ వేసుకుని కాపలా కాస్తోంది.

"ఒరేయ్ మెరిక్! సిగ్గు లేదూ? చిన్నప్పుడంతా ఈ కొమ్మల మీదే వేళ్ళాడావు. చెయ్యి విరగ్గొట్టుకున్నదీ దీని మీంచి పడే కదరా!"

"అందుకే పగ ఆంటీ," అన్నాడు మెరిక్, వంకర మోచెయ్యి రుద్దుకుంటూ.

అతని తొందర అంతా ఇంతా కాదు. రోజూ తెల్లారేసరికి, అందరికంటే ముందు, అతని ట్రక్కే చెట్టు కింద ఉండేది.

"అసలు బతికే ఉందంటారా మేడమ్? ఇన్నాళ్ళలో తోకైనా ఊపలేదు."

"కోలాకు తోకెక్కడిదయ్యా?"

"అదీ మరి! తోక కూడా లేని దాని కోసం పని ఆపుకోవాలా?"

రొవీనా నవ్వింది. "రోజుకు ఇరవై గంటలు నిద్రపోతుంది. ఇందాక చెవి కదిలింది. ఇవిగో, కింద పెంటికలు. తాజావి."

మెరిక్ ముక్కు మూసుకున్నాడు. "వాటిని నా దగ్గరికి తేకండి. మా ఆవిడ కోలాల ఆస్పత్రిలో బోనులు కడుగుతుంది. ఇంట్లో అదే కంపు, ఇక్కడా అదే కంపు. నా ఖర్మ!"

అంతలో అతని ఫోను మోగింది.

"టిల్లీ, ఏడవకు తల్లీ... రేపు సాయంత్రం తప్పకుండా తెస్తా... నాన్న మాటంటే మాటే." ఫోను జేబులో పెట్టి చెట్టుకేసి గుర్రుగా చూశాడు. "ఆరేళ్ళ పిల్ల. ఒట్టి చేతులతో వెళ్తే నిద్రపోదు. ఈ కోలా దిగితే గానీ నాకు ఇంట్లో శాంతి లేదు."

"దాన్ని ఆడిపోసుకోకు. వింటుంది," అంది ఈనిడ్.

శుక్రవారం పదకొండున్నర. ఈనిడ్ కప్పులో టీ చల్లారిపోయింది. ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. పైన కోలా ఒక పక్కకు ఒరిగింది.

"దిగుతోందా?" ఈనిడ్ కుర్చీలోంచి లేవబోయింది.

ఆమెకంటే ముందే మెరిక్ లేచి నిలబడ్డాడు. రంపం అందుకోబోతున్నాడేమోనని ఈనిడ్ కర్ర ఎత్తింది.

"లేదు లేదు. సర్దుకుంది," అంది రొవీనా. మెరిక్ చెమట తుడుచుకుంటూ కూలబడ్డాడు.

పన్నెండు కొట్టింది. "కోలా చెట్టు మీదే ఉన్నది" అని రాసి రొవీనా సంతకం పెట్టింది.

ఈనిడ్ ఆమెను కావలించుకుని, కొబ్బరిపొడి అద్దిన కేకు పళ్ళెం ముందుకు తోసింది. మెరిక్ కూడా చెయ్యి చాపాడు. ఆ చేతి మీద చిన్న దెబ్బ పడింది.

"ద్రోహులకు పెట్టను. పో!"

"ఓడినవాడికి ఒక్క ముక్కయినా..."

"చిన్న ముక్క కూడా పెట్టను."

రొవీనా కారు వెళ్ళిపోయింది. ఊరందరికీ ఫోన్లు చేయడానికి ఈనిడ్ ఇంట్లోకి పరుగెత్తింది. సామాను సర్దుకోవడానికి మెరిక్ ఒక్కడే మిగిలాడు.

సాయంత్రం అతను ఇంటికెళ్ళి, అంటుకున్న నీలగిరి ఆకులు దులిపి, నడుముకు కట్టిన గాలం దారం విప్పి, అయిదు రోజులుగా నిద్రలేని టిల్లీ పక్కలో ఆమె బొమ్మ కోలాను పడుకోబెట్టాడు.