జనవరిలో గూడు విడిచినది

ఆ జనవరిలో బల్గేరియాలోని లోవెచ్ ఊళ్లో చలి జాడే లేదు. సీతాకోకచిలుకలు కనిపిస్తున్నాయంటూ ఊరి మ్యూజియానికి రోజూ ఫోన్లు వచ్చేవి. బడిపంతులమ్మగా రిటైరైన నెవ్యానా అక్కడ కూర్చుని ఆ వివరాలు రాసుకునేది.

"మా కిటికీ దగ్గర తోక రెక్కల పసుపుది కనిపించిందండీ," అంది ఒకరోజు ఫోన్లో ఓ ఆడగొంతు.

నెవ్యానా నవ్వింది. "అదెలా కుదురుతుందమ్మా? ఆ రకం వసంతం దాకా గూడు విడిచి రాదే!"

"తెలుసు టీచర్. ఆరో తరగతిలో మీరే చెప్పారు," అంటూ ఆ గొంతు గుసగుసగా మారింది. "నేను ఎలిత్సాని."

ఆ వెనకే మగగొంతు గద్దించింది. "ఎవరితోనే ఆ మాటలు?"

"మ్యూజియం వాళ్లండీ. సీతాకోకచిలుక కనిపిస్తే చెప్పమని రేడియోలో అన్నారుగా."

నెవ్యానా చేతిలో పెన్ను ఆగిపోయింది. పెళ్లయిన ఈ నాలుగేళ్లలో ఎలిత్సా ఊళ్లో ఎవరి కంటా పడలేదు.

"నిన్ను బయటికి రానివ్వడం లేదా? ఔనో కాదో చెప్పు, చాలు."

"ఔనండీ. వంతెన పక్కన, పచ్చ గేటు ఇల్లు."

"పోలీసుల్ని తీసుకొస్తున్నా. ధైర్యంగా ఉండు తల్లీ."

"రాసుకోండి, ఒకటి కాదండీ, రెండు," అంది ఎలిత్సా. "రెండోది మరీ చిన్నది."

గంటలోపే పోలీసులు ఆ గేటు తెరిపించారు. ఎలిత్సా వాకిట్లోకి వచ్చింది. ఊళ్లో ఎవరికీ తెలియని మూడేళ్ల పాప ఆమె చంకలో ఉంది. ఒంటిమీద ఎండ పడగానే ఆ పిల్ల జడుసుకుని, రెండు చేతులతో కళ్లు మూసుకుంది.