ఆదివారం బటన్

"నతానియేల్ మాస్టారిని కలవాలని విశాఖ నుంచి వచ్చానండీ," అంది జాయ్.

అనంతగిరి బడిలో కంప్యూటర్ గది తుడుస్తున్న సవరమ్మ చీపురు పక్కన పెట్టింది. "ఆయన నా పెనిమిటేనమ్మా. పోయి మూడేళ్ళయింది."

కంప్యూటర్ తెరమీద తెలుగు అక్షరాలు కనిపించేలా చేసే కోడు రాసి జాయ్ అందరికీ ఉచితంగా ఇస్తోంది. మాస్టారి కంప్యూటర్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పాత వెర్షన్ ఒక్కటే నడుస్తుందని, చేసిన ప్రతి మార్పునూ దానికి సరిపోయేలా మళ్ళీ రాస్తోంది. 'పాతదానిలోనూ పనిచేస్తోంది' అని ప్రతి ఆదివారం ఆయన పేరుతో ఈమెయిల్ వస్తోంది. ఇక తనవల్ల కాదని చెప్పడానికే ఇంతదూరం వచ్చింది.

"మొన్న ఆదివారం కూడా మాస్టారి దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చిందే!"

"అది నానేనమ్మా." సవరమ్మ మూలనున్న పాత కంప్యూటర్ మీద చెయ్యి వేసింది. "పార్థనయ్యాక వచ్చి ఈ బటన్ నొక్కుతాను. కొత్త కోడు పనిసేత్తందో లేదో సూసి ఈమెయిల్ పంపడం, అంతా అదే సేసుకుంటాది. ఎవరో ఆడగుంట మనకోసం కష్టపడతంది, నొక్కడం మానొద్దని ఆయన సెప్పి పోనాడు."

"దీన్ని ఇప్పుడు ఎవరు వాడుతున్నారు?"

"ఎవులూ నేరు. పిల్లలకి కొత్తయి వచ్చినాయి."

మూడేళ్ళు. ఇన్నాళ్ళూ తను ఎవరికోసం రాసినట్టు?

"అయితే ఇక నొక్కక్కర్లేదమ్మా," అంది జాయ్ మెల్లగా. "నేనూ ఆపేస్తాను."

సవరమ్మ చెయ్యి తీయలేదు. "మరి ఆదివారం పార్థనయ్యాక నానెక్కడికెల్లాలమ్మా?"

"ఇక్కడికే రండి," అంది జాయ్. "కొత్త మార్పు శనివారానికల్లా పంపుతాను."