రెండు ఫైళ్లకూ ఒకే పేరు

భార్య పాడిన పాట తెచ్చి, గొంతు తీసేసి కరోకే చేయమన్నాడు ఆ పెద్దాయన. స్టూడియో అమ్మాయి గొంతు చెరిపేసి, సంగీతం మాత్రం మిగిల్చింది.

"పాటకో ఫైలు, తెరమీద అక్షరాలకో ఫైలు. రెండింటికీ ఒకే పేరుండాలి బాబాయిగారూ, లేకపోతే అక్షరాలు రావు. ఏం పెట్టమంటారు?"

"'మా ఆవిడ జ్ఞాపకార్థం' అని పెట్టమ్మా. సంతాపసభలో అందరం కలిసి పాడాలి."

అమ్మాయి మనసు కలుక్కుమంది. "అయ్యో! పిన్నిగారు ఎప్పుడు పోయారండీ?"

ఆయన జవాబు చెప్పేలోపే ఫోన్ మోగింది. స్పీకర్లో వినిపించింది అమ్మాయి ఇందాక చెరిపేసిన గొంతే.

"ఏమండీ, ఇంకా రాలేదేం? భోజనానికి మీకోసమే కూర్చున్నా."

"ఇదిగో, బయల్దేరా. నువ్వేం ముట్టుకోకు, నేనొచ్చి నా చేత్తో వడ్డిస్తాగా," అన్నాడాయన ముద్దుగా.

ఫోన్ జేబులో పెట్టుకుని అమ్మాయి వైపు తిరిగాడు.

"సభ ఎల్లుండేనమ్మా. ఆలస్యం చెయ్యకు."