ఏడో వరుస

విద్యుత్ విభాగం షీటు తెరవగానే ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. ఏడో వరుసలో భర్త పేరున్న గడి ఎర్రగా ఉంది.

ఎరుపంటే బదిలీ. రెండు రోజుల రైలు ప్రయాణం దూరంలో కొత్త ఫ్యాక్టరీ, మూడేళ్లు, కుటుంబానికి వసతి లేదు. మేనేజరు రంగు వేసిన ఆ జాబితాను సరిచూసి నాలుగింటికల్లా పై ఆఫీసుకి పంపడం గుమాస్తాగా ఆమె పని. ఇప్పుడు మూడుంపావు.

"అక్కా, ఒకసారి ఇటు రా."

పక్క బల్ల సీనియర్ గుమాస్తా కళ్లజోడు సర్దుకుంటూ వచ్చింది. "ఏమైంది? మీ ఆయన మధ్యాహ్నం డబ్బా ఖాళీ చెయ్యలేదా?"

ఆమె తెర మీద వేలు పెట్టి చూపించింది. అక్క నవ్వు ఆగిపోయింది. మౌసు లాక్కుని మిగతా షీట్లు ఒక్కొక్కటే తెరిచింది. స్టోర్స్‌లో ఏడో వరుస ఎరుపు. ప్యాకింగ్‌లో ఏడో వరుస ఎరుపు. ఆరు విభాగాల్లోనూ అంతే.

"అదీ సంగతి," అంది అక్క. "ఆరు షీట్లూ కలిపి సెలెక్ట్ చేసి ఉంచి, ఒక్క పేరుకి రంగు వేశాడు మహానుభావుడు. ఒకచోట వేస్తే ఆరుచోట్లా పడింది. ఉత్తర్వులో వెళ్లేది ఒక్కరే అని ఉందిగా."

"ఆ ఒక్కరు ఎవరు?"

"మేనేజర్నే అడగాలి. ఆయనేమో మీటింగులో ఉన్నాడు. ఫోను ఎత్తడు."

ఆరింట ఒకటి. పెళ్లయి నలభై ఒక్క రోజులు. ఆ లెక్క కోసం ఆమె వేరే ఫైలే పెట్టుకుంది. రోజుకో గడి, గడికో రంగు. గొడుగు మరిచిపోయి ఇద్దరూ తడిసిన రోజు నీలం. దువ్వెన కోసం కొట్టుకున్న రోజు నారింజ. నిన్నటికి ఏ ఒక్క రంగూ చాలక మూడు కలిపింది.

కాలిపోయిన ట్యూబులైటు మార్చడానికి సరిగ్గా అప్పుడే నిచ్చెనతో భర్త వచ్చాడు.

"రావయ్యా కొత్త పెళ్లికొడుకా, మీ ఆవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది," అంటూ అక్క జరిగిందంతా చెప్పింది.

అతను నిచ్చెన గోడకి ఆనించి తెర వైపు చూశాడు. "ఎవరో ఒకరు వెళ్లాలిగా."

"ఆ ఒకరు మీరు కాకపోతే చాలు."

"ఊరికే కంగారుపడకు. వచ్చింది వచ్చినట్టు పంపెయ్."

లైటు మార్చి, ఆమె సీసాలో నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

మూడూ నలభై. "మీ ఆయనదొక్కటి తెల్లగా చేసెయ్," అంది అక్క గొంతు తగ్గించి. "అడిగితే చూసుకుందాంలే."

ఆమె షీట్లను విడదీసింది. భర్త గడిలో రంగు తీసేసింది. మిగతా షీట్లు మళ్లీ తెరిచింది. స్టోర్స్‌లో ఏడో మనిషికి ఇద్దరు చిన్నపిల్లలు. ప్యాకింగ్‌లో ఏడో ఆమెకి నెలలు నిండుతున్నాయి.

నాలుగుకి ఐదు నిమిషాలుండగా మేనేజరు వచ్చాడు.

"పంపేశావా అమ్మా?"

"లేదు సార్. ఆరు షీట్లలోనూ ఏడో వరుసకి ఎరుపు పడింది. అందులో..." ఆమె విద్యుత్ షీటు తెరిచి చూపించింది. "మావారిది నేనే తీసేశాను సార్. తప్పే."

ఆయన వంగి షీట్లన్నీ చూశాడు. కోప్పడలేదు. అదే ఆమెను మరింత భయపెట్టింది.

"తక్కిన ఐదూ తీసెయ్. అదొక్కటి మళ్లీ పెట్టు."

"మాకు పెళ్లయి రెండు నెలలు కూడా కాలేదు సార్. ఇంతమందిలో ఆయన్నే ఎందుకు ఎంచారు?"

మేనేజరు ఆమె ముఖం చూడలేక తెర వైపు తిరిగాడు.

"నేను ఎంచలేదమ్మా."

"మరి?"

"అతనే వచ్చి అడిగాడు."