ముట్టని కాఫీ

"కాఫీ తాగండి హాజీ ఫర్హాన్," అన్నాడు అబూ ముత్లక్.

ఫర్హాన్ తాగలేదు. చేతిలోని చిన్న కప్పుని తివాచీ మీద పెట్టేశాడు. ఆయన వెంట వచ్చిన అరవై మందీ తమ కప్పులు కింద పెట్టేశారు.

"మా కోరిక తీర్చేదాకా మీ ఇంటి కాఫీ ముట్టం. మీ అమ్మాయి రీమాని మా తమ్ముడి కొడుకు తలాల్‌కి అడగడానికి కెరక్ నుంచి వచ్చాం," అన్నాడు ఫర్హాన్.

ఇక అబూ ముత్లక్ "తాగండి, మీరడిగింది ఇచ్చేశాం" అనాలి. ఆ వెంటనే పెద్దలిద్దరూ అందరి ఎదుటా కాఫీ తాగాలి. అంతే పని. మిగతావన్నీ ఆడవాళ్లు నెల క్రితమే తేల్చేశారు, తేదీతో సహా. మగవాళ్లు వచ్చేది కోట్లు తొడుక్కుని గంభీరంగా కూర్చోడానికే.

కానీ అబూ ముత్లక్ ఆ మాట అనలేదు. గడ్డం నిమురుకున్నాడు.

"అమ్మాయి ఇంకా చిన్నపిల్ల కదండీ," అన్నాడు.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చిన్నపిల్లకి ఇరవై ఏడేళ్లు. గుమ్మం దగ్గర కూర్చున్న పెళ్లికొడుకు తలాల్ మొహం పాలిపోయింది.

ఫర్హాన్‌కి కణతలు దబదబా కొట్టుకుంటున్నాయి. పదిహేనేళ్ల తలనొప్పి ఆయనది. రోజుకి ఆరు మాత్రలు, పన్నెండు కప్పుల కాఫీతో నెట్టుకొచ్చాడు. మొన్న అమ్మాన్‌లో తలనొప్పుల డాక్టరమ్మ ఆ సంగతి విని నోరు తెరిచింది. "మీ తలనొప్పిని మేపుతున్నది ఆ మాత్రలే హాజీ! మందు దిగగానే తల మళ్లీ అడుగుతుంది, మీరు మళ్లీ మింగుతారు. అవీ, కాఫీ రెండూ పది రోజులు పూర్తిగా మానండి. ముందు నొప్పి ఇంకా ఎక్కువవుతుంది, ఓర్చుకోండి. మధ్యలో ఒక్క గుక్క తాగారా, మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు," అంది.

ఇవాళ మూడో రోజు. ఏలకుల వాసన ముక్కుకి తగులుతుంటే ప్రాణం లాగేస్తోంది. ఎలాగూ తప్పదు, తలాల్ కోసం ఒక గుక్క తాగేసి, రేపటి నుంచి మళ్లీ మొదలుపెడదామని దారిలోనే గుండె రాయి చేసుకున్నాడు. తీరా వస్తే ఈయన తాగనిచ్చేలా లేడు.

"దానికి వంట రాదండీ," అన్నాడు అబూ ముత్లక్.

"మావాడు హోటల్లో వంటవాడే. నేర్పిస్తాడు."

"మీ కెరక్‌లో చలి ఎక్కువ."

"రెండు హీటర్లు కొంటాం. అయినా ఇది జూన్ నెల కదండీ!"

అబూ ముత్లక్ గోడలకేసి చూశాడు. కిటికీకేసి చూశాడు. కిటికీలో పిల్లి కనిపించింది.

"మా పిల్లి అమ్మాయిని వదిలి ఉండలేదు," అన్నాడు.

"పిల్లిని కూడా పంపండి! దాన్నీ కోడల్లా చూసుకుంటాం!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఫర్హాన్ తలలో మేకులా దిగింది. తెర వెనక అబూ ముత్లక్ భార్య గట్టిగా దగ్గింది. అది జలుబు దగ్గు కాదని అందరికీ తెలుసు.

"ఇంతమందిని పిలిపించి పరువు తీస్తాడా?" అని గొణిగాడు ఫర్హాన్ చిన్నాన్న. చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టాడంటే అరవై మందీ లేచి వెళ్లిపోతారు. కాఫీ ముట్టకుండా వెళ్లిపోతే ఈ సంబంధం చచ్చినట్టే. రెండు కుటుంబాలూ ఎదురుపడితే సలామ్ కూడా చెప్పుకోవు. తలాల్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫర్హాన్ చిన్నాన్నని భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఒక్క నిమిషం లోపలికి రండి అబూ ముత్లక్," అన్నాడు.

పక్క గదిలోకి వెళ్లారు. ఫర్హాన్ రెండు చేతులూ జోడించినంత పని చేశాడు.

"అన్నా, మావాడిలో లోపమేమైనా ఉంటే చెప్పు, లేచి వెళ్లిపోతాం. లేకపోతే ఆ ఒక్క మాటా అనేసి నాతో పాటు కాఫీ తాగెయ్. నా తల పగిలిపోతోంది. డాక్టర్ మాట విని మాత్రలూ కాఫీ మానేసి ఇవాళ్టికి మూడో రోజు. ఆ పిల్లాడి కోసం అదీ పాడుచేసుకోడానికి సిద్ధపడి వచ్చాను. నువ్వు మాత్రం పిల్లుల గురించి మాట్లాడుతున్నావు!"

అబూ ముత్లక్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. తలుపు గడియ పెట్టాడు. రెండు చేతులతో తల పట్టుకుని మంచం మీద కూలబడ్డాడు.

"నీకు పోయేవి మూడు రోజులేనయ్యా! నాకివాళ తొమ్మిదో రోజు. ఎల్లుండి రండి, ఏమడిగితే అది ఇచ్చేస్తాను!"