ఆదివారం ఇళ్లు

"బిడ్డా, ఈ కుక్కపిల్ల ఏడికి పోతున్నది?"

అశ్విని తలెత్తి చూసింది. టెంటు గుంజ పట్టుకుని ఒక ముసలమ్మ నిలబడి ఉంది. చంకలో సత్తు గిన్నె, దాని మీద వాసెన కట్టిన పాత గుడ్డ.

"మంచి ఇంటికే పోతున్నది అవ్వా. నువ్వు జర పక్కకు జరుగు, కార్లొస్తున్నయి."

"మంచి ఇల్లే గాని, ఏ ఊరి దిక్కు? గేటు ఎట్లుంటది?"

"నీకెందుకవ్వా గేటు సంగతి?"

"ఊకెనే బిడ్డా."

అంటూనే వెళ్లి, కుక్కపిల్లను కారెక్కించుకున్న ఆసామినీ అదే అడిగింది. ఆయన అద్దం పైకెత్తేశాడు.

హైటెక్ సిటీలో వారానికో కొత్త కంపెనీ తెరుస్తున్న రోజులవి. అక్కడ సంపాదించినవాళ్లు మొయినాబాద్ చుట్టుపక్కల తోటలు కొని ఫామ్‌హౌస్‌లు కట్టుకున్నారు. అశ్వినిది చేవెళ్ల. ఆమెదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. ఆదివారం మాత్రం దిక్కులేని కుక్కల ఆశ్రమం తరఫున చిలుకూరు గుడికి మళ్లే దారిలో టెంటు వేసి, వాటికి కొత్త ఇళ్లు వెతికేది. దర్శనం చేసుకుని వచ్చేవాళ్ల మనసు మెత్తగా ఉంటుందని ఆమె నమ్మకం.

"గుళ్లె దీపం పెట్టొస్తివా, కుక్కకు ఇల్లు జూపొస్తివా? రెండూ ఒకటే తీయి," అని మురిసిపోయేది తల్లి కౌసల్యమ్మ.

తీసుకెళ్లినవాళ్లు ఆదివారం నాడు ఫోటోలు పంపేవారు. వాటిలో కుక్కలు నిగనిగలాడుతూ కనిపిస్తే అశ్వినికి కడుపు నిండేది.

ముసలమ్మ పేరు పెంటమ్మ అనీ, ఊళ్లల్లో అడుక్కు తింటుందనీ టీ కొట్టు శివయ్య చెప్పాడు. ప్రతి ఆదివారం వచ్చేది. కుక్క ఎటు పోతోందని అడిగేది. ఒకసారి కారు వెనకే చాలా దూరం పరుగెత్తింది కూడా.

ఆ వేసవిలో ఒక ఆదివారం ప్రభాకర్ చిరచిరలాడుతూ టెంటులోకి వచ్చాడు. మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊళ్లో అతనికి ఫామ్‌హౌస్ ఉంది. ఆరు నెలల కిందట ఇక్కడినుంచి ఎర్ర కుక్కను తీసుకెళ్లాడు.

"మేడం, మీ దగ్గర అడ్రస్‌లు అడిగే ముసల్ది ఎవరు? మేం లేనప్పుడు మా గోడెక్కుతోంది. నిన్న సామాను దించడానికి వెళ్లిన మా డ్రైవర్ కళ్లారా చూశాడు."

"కుక్క మొరగలేదా సార్?"

"అదే కదా! తోక ఊపుతోందట. ఎంత మచ్చిక చేసిందో చూడండి. రేపు ఇల్లంతా ఊడ్చుకుపోయినా అది తోకే ఊపుతుంది!"

గేటు ఎట్లుంటది అన్న మాట అశ్వినికి గుర్తొచ్చింది.

అంతలో పెంటమ్మ రానే వచ్చింది, అదే గిన్నెతో.

శివయ్య ఉరికి ఆమె రెక్క పట్టుకున్నాడు. "ఎన్ని ఇండ్లు చూసి పెట్టుకున్నవే ముసల్దానా?"

"అయ్యో, నేనేం జేసిన కొడుకా!"

"సార్ ఇంటికి ఎందుకు పోతున్నవ్?" అశ్విని గద్దించింది.

"ఆ ఎర్రోని కోసం బిడ్డా. వాడు..."

ప్రభాకర్ ఆమె చెంప మీద కొట్టాడు. "కుక్క పేరెత్తావంటే పళ్లు రాలగొడతా!"

గుంపు చేరింది. అందరూ దర్శనం చేసుకుని వస్తున్నవాళ్లే. తీర్థం పుచ్చుకున్న చేతులతోనే తలా ఒకటి వేశారు.

గిన్నె గుంజుకుని గుడ్డ విప్పితే లోపల సద్దన్నం.

"ఇందుల మత్తుమందు కలిపి కుక్కలకు పెడ్తదన్నట్టు," అన్నాడు శివయ్య.

అన్నాన్ని రోడ్డు మీద బోర్లించారు. దెబ్బలకు ఏడవని పెంటమ్మ అన్నం చూసి ఏడ్చింది.

"ఒక్క మాట చెప్పనియ్యి బిడ్డా. రేపు సోమారం పొద్దుగాల్ల..."

"వారెవ్వా, దొంగతనానికి వచ్చే రోజు కూడా చెప్తోంది!" అన్నారెవరో.

అందరూ నవ్వారు. అశ్విని కూడా నవ్వింది.

షాబాద్ పోయే షేర్ ఆటోలో ఆమెను కూలేశారు. "మళ్ల ఈ దిక్కు కనబడితే కాళ్లు ఇరగ్గొడత," అన్నాడు శివయ్య.

పెంటమ్మ తల బయటపెట్టి అశ్వినికి దండం పెట్టింది. "నన్ను రానియ్యకుంటె మానె. నువ్వన్న పో బిడ్డా, రోజొక్కపారి."

ఎక్కడికని అశ్విని అడగలేదు.

ఇంతమంది ఇళ్లు దొంగ బారిన పడకుండా కాపాడానన్న సంతోషంతో ఆ సాయంత్రం గుళ్లో ఒక ప్రదక్షిణ ఎక్కువే చేసింది. ఆ ప్రదక్షిణను దేవుడు ఎట్లా స్వీకరించాడో మనకు తెలియదు.

మరుసటి ఆదివారం ప్రభాకర్ ఫోను చేశాడు.

"ఇదేం కుక్కనిచ్చారు మేడం? చచ్చి పడుంది!"

ఆ ఫోను పెట్టేలోగా ఇంకో ఫామ్‌హౌస్ నుంచి అదే కబురు. ఆ వెంటనే మరొకటి.

అశ్విని హిమాయత్‌నగర్‌కు పరుగెత్తింది. ఎర్ర కుక్క గొలుసు చివర, గోడవైపు మెడ చాచి పడి ఉంది. డొక్కలు వెన్నుకంటుకున్నాయి. నీళ్ల గిన్నె ఎండిపోయి ఉంది.

"వారం మధ్యలో దీనికి తిండి ఎవరు పెడతారు సార్?"

"ఎవరుంటారిక్కడ? వాచ్‌మన్ ఉంటే కుక్క ఎందుకు? ఆదివారం బకెట్ నిండా పెట్టి వెళ్తాం. ఆరు నెలలు నిక్షేపంగా బతికింది కదా, ఇప్పుడేమొచ్చింది?"

పక్క చేనులో టమాటలు తెంపుతున్న ఎంకమ్మ అనే కూలామె గేటు దాకా వచ్చి లోపలికి చూసింది.

"సచ్చిందా? మొన్నటిదాక ఒర్లింది. నిన్నటి సంది సప్పుడు లేదు. గేటుకు తాళమాయె, మేమేం జేస్తం?"

"మరి ఇన్ని రోజులు ఎట్ల బతికింది అవ్వా?" అశ్విని అడిగింది.

ఎంకమ్మ వింతగా చూసింది.

"సోమారం సంది శనారం దాక ఇల్లిల్లు తిరిగి, అడుక్కొచ్చిన బువ్వంత ఈ తోటల్ల కుక్కలకే పెట్టి, మా బోరు కాడ ఇన్ని నీళ్లు దాగి పండుకునే పెంటమ్మను, ఎవలో టెంటు కాడ దొంగదని కొట్టి ఎల్లగొట్టిన్రట గదమ్మా!"