బుల్లికి తామర

"ఆ పందుండాలో, మీరుండాలో ఇయ్యాలే తేల్సుకోండి" అంది మంగాయమ్మ, గుమ్మంలో నిలబడి.

గాజువాకలో ఆ పెంకుటిల్లు ఆవిడది. పక్క వాటాలో తాయారు, పోర్టులో క్రేన్ నడిపే ఆమె మొగుడు గురునాథరావు అద్దెకుంటున్నారు. గొడవంతా పెరటి వసారాలో, చెక్కపెట్టెలో ఉండే బుల్లి గురించి.

"పంది కాదు పిన్నిగారూ, గినీపిగ్గు. కుందేలు పిల్లంతే ఉంటుంది. ఓడలో వంటవాడు ఈయనకిచ్చి వెళ్ళాడు" అంది తాయారు.

"ఏదైతే ఏటి. దాని మూతి సూడు, బొచ్చూడిపోయి ఎలాగుందో. ఇదిగో, మా ఆయన మెడ కూడా సూడు."

వెనకాల నక్కి ఉన్న భీమశంకరరావుని చెయ్యి పట్టుకుని ముందుకు లాగిందావిడ. ఆయన మెడ మీద రూపాయి బిళ్ళంత మచ్చ, ఎర్రటి అంచుతో. బుల్లి ముక్కు పక్కన కూడా అంతే గుండ్రంగా బొచ్చు ఊడి, తెల్లగా పొట్టు రేగి ఉంది.

"బాబాయిగారు మా వాటాలోకి ఎప్పుడూ రాలేదు కదండీ. ఎలా అంటుకుంటుంది?"

"గాలికి. ఎవలికైనా ఇచ్చీండి దాన్ని. నేదంటే ఇల్లు ఖాళీ సెయ్యండి."

తాయారుకి ఇవ్వబుద్ధి కాలేదు. మొగుడు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగకుండా బుల్లిని కూరల బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి బయల్దేరింది. డాక్టరు ఏమంటాడో తన చెవులతో వినాలని మంగాయమ్మ కూడా మొగుణ్ణి వెంటేసుకుని అదే బస్సెక్కింది.

ఆసుపత్రిలో గేదెలూ మేకలూ వరసలో ఉన్నాయి. పందికి వైద్యమనగానే అటెండరు తాడు పట్టుకొచ్చాడు. బుట్టలోకి తొంగి చూసి తాడు చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయాడు.

డాక్టరు హుస్సేన్ బాషా బుల్లిని అరచేతిలోకి తీసుకుని ముక్కు, కళ్ళ చుట్టూ, చెవుల వెనక, కాళ్ళ వేళ్ళ మధ్య వెతికి చూశాడు. కాస్త పొట్టు గీకి మైక్రోస్కోపు కింద పెట్టాడు.

"తామరమ్మా. గజ్జి అయితే రక్తం వచ్చేలా గోక్కుంటుంది, నిద్రపోదు. ఇదేమో గుండ్రంగా ఊడి, పొట్టు రాలుతోంది. ఈ ఆయింట్‌మెంటు రెండు పూటలా పల్చగా రాయండి, మచ్చ దాటి కాస్త అవతలకి కూడా. గడ్డి రోజూ మార్చండి. పెట్టె వేడినీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి. బొచ్చు మొలిచింది కదా అని మందు మానెయ్యకండి."

"గాలికి అంటుకుంటాది కదా బాబూ?" అంది మంగాయమ్మ.

"గాలికి రాదు. ముట్టుకుంటే వస్తుంది. మెడ మీద వచ్చిందంటే భుజాన వేసుకున్నవాళ్ళకే వస్తుంది."

ముగ్గురూ భీమశంకరరావు వైపు తిరిగారు. ఆయన నేల చూపులు చూశాడు.

"శనివారం శనివారం మాయావిడ సింహాచలం ఎల్తాది. అప్పుడు గోడ పక్కనుంచి ఎల్లి, బుల్లిని కూసింతసేపు బుజాన ఏసుకుంటాను" అన్నాడు. "నాను సెప్పిందంతా ఇంటాది, బాబూ. మద్దెలో అడ్డు రాదు."

మంగాయమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. తర్వాత డాక్టరుతో, "ఆ మందే ఈయనక్కూడా రాసీండి" అంది.

"నేను పశువుల డాక్టర్నమ్మా."

"పరవానేదు, సరిపోద్ది."

ఆయన నవ్వాపుకుని, మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పి పంపాడు.

మందు బాగానే పనిచేసింది. తాయారు రోజూ పెట్టె కడిగి, గడ్డి మార్చి, ఆయింట్‌మెంటు రాసి, బుల్లి నాకకుండా కాసేపు కాపలా కూర్చునేది. మూతి మీద మెత్తటి బొచ్చు మొలిచింది. భీమశంకరరావు మెడ కూడా నున్నబడింది. అంతా కుదుటపడిందనుకుంటుండగా, ఒకరోజు పొద్దున చూస్తే బుల్లి వీపు మీద మళ్ళీ గుండ్రటి మచ్చ.

"మందు తప్పు కాదు. మీ ఇంట్లో ఇంకెవరికో ఉంది. వాళ్ళు వైద్యం చేయించుకోకుండా దీన్ని ఎత్తుకుంటున్నారు" అన్నాడు హుస్సేన్ బాషా.

తాయారు ఇంటికొచ్చి గురునాథరావు చొక్కా విప్పించి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఒంటి మీద మచ్చన్నదే లేదు. తనకీ లేదు. భీమశంకరరావు అడక్కుండానే వచ్చి మెడ చూపించి వెళ్ళాడు.

"నన్ను సూడకండి. దాని పేరు సెప్తేనే నాకు ఒళ్ళు జలదరిత్తాది" అంది మంగాయమ్మ పవిట నిండా కప్పుకుంటూ. "ఇంక నాబం నేదు. రేపటికల్లా ఎవలికో ఒకలికి ఇచ్చీండి."

గురునాథరావు పెళ్ళాం మొహం చూసి, "ఇంకో ఇల్లు వెతుకుదామా?" అన్నాడు. మంచి నీళ్ళూ పెరడూ ఉన్న ఇల్లు అంత తొందరగా ఎక్కడ దొరుకుతుంది. తాయారు కళ్ళు తుడుచుకుని, మర్నాడు ఊళ్ళోనే ఉన్న స్నేహితురాలు హమీదాని అడిగి వద్దామని బయల్దేరింది. బుల్లిని పెంచుకుంటానని ఆమె ఒకసారి సరదాకి అంది.

వీధి మలుపు తిరిగాక చూసుకుంటే చేతిలో పర్సు లేదు. వెనక్కొచ్చి తలుపు తీస్తుంటే పెరట్లోంచి సన్నగా మాటలు వినిపించాయి. చప్పుడు కాకుండా వెళ్ళి వసారాలోకి తొంగి చూసింది.

మంగాయమ్మ నేల మీద కాళ్ళు బారచాపుకుని కూర్చుంది. పవిట పక్కకి జారింది. మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ. ఒళ్ళో బుల్లి కొత్తిమీర కాడలు నములుతోంది.

"ఎవలికో ఒకలికి ఇచ్చీమంటే ఎదురుగా ఉన్న నాకే ఇత్తాదనుకున్నానే బుల్లీ" అంటోందావిడ దాని వీపు నిమురుతూ, "ఈ ఎర్రి పిల్లేటి, నిన్నిచ్చీడానికి ఊరంతా తిరుగుతాది."